ముంగిస కంటి ఎత్తు

నేను డిగ్రీ పాసయ్యానని మొట్టమొదట విన్నది అమ్మ కాదు, కొత్తగూడ బస్టాపు వెనక రాళ్ల మధ్య కెమెరా పట్టుకుని బోర్లా పడుకున్న ఒక పెద్దాయన. హైటెక్ సిటీ కడుతున్న రోజులవి. నా నంబరు పడ్డ పేపరు పట్టుకుని, అక్కడ ఇటుకలు మోసే అమ్మ దగ్గరికి బయల్దేరాను. బస్సు రాలేదు. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను.

"సార్..."

"ష్! జర ఆగు బిడ్డా. రీల్ల ఒక్కటే ఫోటో మిగిలింది. ముంగిస బయటికొస్తున్నది."

పక్కన కూర్చున్నాను. "నిలబడి తియ్యొచ్చు కద సార్?" అని గుసగుసగా అడిగాను.

"పైనుంచి తీస్తే ఎలుక లెక్క కనిపిస్తది. దాని కంటి ఎత్తుకు దిగాలె. ఫోకస్ కంటి మీదనే. షట్టర్ స్పీడు ఐదువందల మీద పెట్టిన, అది ఉరికినా బొమ్మ చెదరదు."

రాతి సందులోంచి ముక్కు, తర్వాత ఎర్రటి కళ్లు బయటికొచ్చాయి. సరిగ్గా అప్పుడే నా బస్సు వచ్చింది. బస్సు చప్పుడు ముంగిసకు అలవాటే. కానీ నేను లేచి పరుగెత్తితే పారిపోతుంది. కదలలేదు. బస్సు వెళ్లిపోయింది. కెమెరా క్లిక్కుమంది.

ఆయన చొక్కా దులుపుకుంటూ లేచాడు. "ఇగ చెప్పు. ఇందాకట్నుంచి ఏందో నోట్ల పెట్టుకొని కూసున్నవ్."

"పాసైన సార్! మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే ఫస్ట్!"

"అబ్బో! గింత ముచ్చట పెట్టుకొని, నా ముంగిస కోసం బస్సు ఇడిచినవా?" అంటూ నా తల నిమిరాడు.

తర్వాతి బస్సులో వెళ్లేసరికి అమ్మ ఇసుక కుప్ప పక్కన చతికిలబడి అన్నం తింటోంది. దూరం నుంచే కేక వేద్దామనుకున్నాను. వెయ్యలేదు. ఎదురుగా ఇసుకలో కూర్చుని, ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాను.

ఆ కళ్లు నా మనసులో ఇప్పటికీ చెదరలేదు.