ఒకవైపే పలకలు అతికిన ఓడ

ఆ వడ్రంగి నలభై ఏళ్లు తలుపులే చేశాడు. తలుపుకు ఒక పద్ధతి ఉంది: ఒక వైపు పూర్తిగా ముగించి, తిరగేసి, రెండో వైపు మొదలుపెట్టాలి. ఓడకు అది పనికిరాదు. పాత ప్రయాణాల పుస్తకాలు తిరగేసేవాణ్ణి కాబట్టి ఆ ముక్క నాకు తెలుసు. అయితే నేను ఆ ఇంట్లో అద్దెకు దిగేసరికే నాలుగు నెలల పని అయిపోయింది.

కుట్టుమిషను పక్క బల్ల మీద మూరెడు ఓడ. రెండు వందల ఏళ్ల కిందట ఉప్పు మోసిన మూడు తెరచాపల ఓడకు నమూనా. కుడివైపు సన్నని పలకలన్నీ అతికాడు, ఎడమవైపు ఒక్కటీ లేదు. జిగురు ఆరుతూ లాగేసరికి అడుగుదూలమే వంగింది.

"అన్నయ్యగారికి ఓడ చేస్తానని అరటికాయ చేశారేంటండీ," అంది భార్య.

"ఆకలేస్తే వండెయ్."

అన్నయ్యగారంటే వడ్రంగి అక్క మొగుడు. సరుకు ఓడల్లో ముప్పై ఏళ్లు వంట చేసినవాడు. కళ్ల డాక్టరు ఆయన చూపుకు రెండు నెలలు గడువిచ్చాడు. ఆలోగా చిన్నప్పుడు గోడ మీది పటంలో చూసిన ఓడను కళ్లారా చూడాలని ఆయన కోరిక.

ఆ సాయంత్రం ఆయన వచ్చి, ఓడను ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఒంటికన్నుతో చూశాడు.

"ఏమోయ్ బావమరిదీ, దీన్ని నీళ్లలో దింపితే గుండ్రంగా తిరిగి మళ్లీ మీ ఇంటికే వస్తుంది."

"మంచిదేగా బావా. దారి తప్పవు."

ఇద్దరూ నవ్వారు.

"ఉన్నది ఉన్నట్టు ముగించెయ్యరా," అన్నాడు బావ. "వంకరదే చూస్తాను. ఊడదీస్తే నా చూపుకు అందదు."

వడ్రంగి గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండాడు. "చూపు పోయాక చేత్తో తడుముతావు కదా. అప్పుడు వంకర ఇంకా బాగా తెలుస్తుంది."

తడిగుడ్డ కింద జిగురు మెత్తబడింది. మొదటి పలక ఊడింది. బావ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాటి నుంచి ఆయన రోజూ వచ్చేవాడు. దూలాన్ని రెండు చెక్కల మధ్య బిగించి తిన్నగా చేశాక, పలకలు అందించడం ఆయన పని. "కుడికొకటి. ఇక ఎడమకి. తలుపు కాదురోయ్, గుర్తుందా?"

"నోరు మూసుకుని ఇయ్యి బావా."

పది రోజులనుకుని దిగినవాణ్ణి, ఆరు వారాలున్నాను. నేను బయల్దేరిన ఉదయానికి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది అయ్యాయి. తెరచాపల ఊసే ఇంకా రాలేదు. బావ పదో పలకను కిటికీ వైపు ఎత్తి చూశాడు, కళ్లు చికిలించాడు, దించేశాడు. బొటనవేలితో అంచు పొడుగునా నెమ్మదిగా రాసి, "ఇది తిన్నగానే ఉంది, తీసుకో," అన్నాడు.