టెంకాయ లేచిన చోటు

ముప్పై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోశాను. పెళ్ళానికి చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. కొండకు పోయి స్వామి ముందు నిలబడిన ప్రతిసారీ చెప్పుకుందామనే అనుకునేవాణ్ణి, నోరు తెరిచేలోపల జరగండి జరగండి అని తోసేసేవాళ్ళు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే నాకు ధైర్యం. కాస్త ఓపిక పట్టండి, తిన్నగా చెప్పుకుపోయే మనిషిని కాను నేను.

మాది వడమాలపేట దగ్గర ఒక పల్లె. వెనక గుట్ట, ముందు ఎర్రనేల. వాన పడితే పంట, లేకుంటే లేదు. ఊళ్ళో నాకు నీళ్ళు చూసేవాడని పేరు. బోరు వేయించే ముందు ఎవరైనా నన్ను పిలుస్తారు. పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకొని, చెప్పులు విడిచి, చేనంతా నడుస్తాను. కింద నీళ్ళున్న చోట టెంకాయ తనంతట తాను లేచి నిలబడుతుంది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళకే అది పలుకుతుందని మా వైపు అంటారు. చేను గలవాడు నా వెనకనే రావాలి, నేను నోరు విప్పేదాకా మాట్లాడకూడదు. అది పద్ధతి. నవ్వుకుంటే నవ్వుకోండి. టెంకాయ నిజమా, ఉత్తదా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రోజుల్లో మాత్రం నేను నమ్మేవాణ్ణి. నా తప్పుకు మొదలు అక్కడే ఉంది.

మా పక్కచేను మునస్వామన్నది. రక్తసంబంధం లేదు, అయినా చిన్నప్పటి నుంచీ అన్నా అనే పిలుస్తాను. ఆయన భార్యను వదినా అంటాను. ఊరంతా చెనక్కాయ వేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చునే కాలంలో, ఆయన తొంభై మామిడి మొక్కలు నాటాడు. ఈ నేలలో మామిడేంది, నీకేమైనా పిచ్చా అన్నారు అందరూ. బోరు వేస్తా అన్నాడు. నీళ్ళు చూడమని నన్ను పిలిచాడు.

అంతకు ఆరు నెలల ముందే నా చేలో బోరు పడింది. రెండించుల నీళ్ళు. మా ఇంట్లో తాత ముత్తాతల కాలం నుంచి వరి నారు పోసిన మొదటివాణ్ణి నేనే. పొద్దున లేస్తూనే ఆ నీళ్ళ చప్పుడు వినడానికి చేనికి పరిగెత్తేవాణ్ణి.

ఆ రోజు అన్న చెప్పులు చేత పట్టుకొని నా వెనక నడిచాడు. వదిన వేపచెట్టు కింద పసుపు, కుంకుమ, కర్పూరం పెట్టుకొని కూర్చుంది. మా రెండు చేల మధ్య గట్టు దగ్గరికి వచ్చేసరికి టెంకాయ లేచింది. ఎవరో తట్టి లేపినట్టు నిటారుగా నిలబడింది. అక్కడికి నా బోరు పదిహేను అడుగులు. నా కళ్ళకు నా నారుమడి కనబడింది. రెండూ ఒకటే జల, ఇక్కడ ఈయన బోరు వేస్తే నాది ఎండిపోతుంది, నేను మళ్ళీ చెనక్కాయకు పోవాలి. ఇదంతా ఒక్క అడుగు వేసేంతసేపు. బొటనవేలితో టెంకాయను పడుకోబెట్టేశాను. వెనకున్న మనిషికి నా వీపు తప్ప ఏం కనబడుతుంది? నడక ఆపకుండా చేను ఆ చివరికి, గుట్ట మొదట్లో రాతిపరుపు మీదికి తీసుకుపోయాను. అక్కడ చెయ్యి కొంచెం వంచాను. చెయ్యి వంచితే ఏ టెంకాయైనా లేస్తుంది.

"గట్టు తావున నీళ్ళు లేవన్నా. ఉంటే ఈడనే ఉండాల," అన్నాను.

ఆయన మారుమాట లేకుండా అక్కడ రాయి పెట్టాడు. వదిన బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి, ఆ టెంకాయనే అక్కడ కొట్టించింది. మొదటి చిప్ప నాకే ఇచ్చింది. తిన్నాను. తియ్యగా ఉందని కూడా అన్నాను. ఇంత సిగ్గులేని నోరు ఎవరికైనా ఉంటుందా?

బోరుబండి వచ్చి ఒక పగలంతా రాయి తొలిచింది. తెల్లటి దుమ్ము వచ్చింది, చుక్క నీరు రాలేదు. వదిన హారతి పళ్ళెం పట్టుకొని ఆ దుమ్ములో చివరిదాకా నిలబడే ఉంది. ఇంకో బోరు వేసే తాహతు వాళ్ళకు లేదు. నేను బాధపడుతున్నానేమో అనుకొని, నువ్వేం చేస్తావబ్బా, భూమిలో లేంది టెంకాయ యాడనించి తెస్తుంది అని అన్న నన్నే ఓదార్చాడు. అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

తొంభై మొక్కలు ఎండిపోతుంటే ఊరుకునే మనిషి కాదాయన. ఊరి కుంట నుంచి ఇద్దరూ నీళ్ళు మోశారు. ఆయన కావడితో, ఆమె నెత్తిన బిందె మీద బిందె పెట్టుకొని. నాలుగు ఎండాకాలాలు. నా బోరులో పట్టుకోండి అని నేననలేదు. కరెంటు సరిగా రావడం లేదు, నా మడికే చాలడం లేదు అని అడక్కముందే ఊరంతా చెప్పుకున్నాను. వాళ్ళూ అడగలేదు.

ఆ మోతలోనే ఆయన చదువంతా చదివాడు. మట్టికుండ అడుగున చిల్లి పెట్టి, పాతగుడ్డ వత్తి దూర్చి, మొక్క పక్కన పూడ్చాడు. నీళ్ళు ఆవిరైపోకుండా కొంచెం కొంచెంగా వేరుకే పోయాయి. నాలుగు బిందెలు తాగే మొక్క ఒక్క బిందెతో బతికింది. వాన వస్తే మేమంతా ఇంటికి పరిగెత్తేవాళ్ళం, ఆయన గోనెసంచి నెత్తిన వేసుకొని చేనికి పరిగెత్తేవాడు, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడటానికి. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ గొట్టం ఒకటి అడిగి తెచ్చుకొని, వాలుకు అడ్డంగా కాలువలు తవ్వాడు. గుట్ట మీద పడిన వాన చినుకు కిందికి పరిగెత్తకుండా ఆ కాలువల్లో ఆగి, అక్కడే ఇంకేది. గుంతల మునస్వామి అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మామిడి కాపుకు వచ్చాక నవ్వు ఆగింది. నాయుడుపేట నుంచి, సూళ్లూరుపేట నుంచి రైతులు బస్సుల్లో వచ్చి చూసిపోయారు. మెట్టచేలల్లో అలాంటి కాలువలు ఇప్పుడు ఎన్ని పల్లెల్లో ఉన్నాయో నేను లెక్కపెట్టలేను. అన్నీ ఆయన పుణ్యమే.

వదిన మెడ మాత్రం పోయింది. నాలుగో ఎండాకాలం చివర్లో ఒకరోజు పట్టేసింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. విరిగిన ఎముకైతే అతుకుతుంది, అరిగిపోయిన మెడకు కట్టేం చేస్తుంది? ఇప్పటికీ ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఆమె మెడ తిరగదు. మనిషంతా తిరగాలి. నేను ఆమెను ఎప్పుడూ వెనక నుంచి పిలవను. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి పలకరిస్తాను. మీ అబ్బాయి మర్యాదస్తుడు అని మా అమ్మతో ఆమె చాలాసార్లు అనింది.

తర్వాత మా ఊరి బోర్లు ఒక్కొక్కటే ఎండాయి. నాదీ ఎండింది. నేను తల పట్టుకొని కూర్చుంటే అన్న గడ్డపార తీసుకొని వచ్చి, నా చేనికి ఎగువన కాలువలు తవ్వాడు. కూలి మాట ఎత్తితే కోప్పడ్డాడు. రెండు వానాకాలాలకు నా బోరులో నీళ్ళు తిరిగి వచ్చాయి. ఆ నీళ్ళు తాగుతూనే ఇన్నేళ్ళూ బతికాను. ఎలా మింగుడుపడ్డాయో నాకే తెలీదు.

ఇంకో బాధ ఉంది. ఎవరు చూడవచ్చినా అన్న నన్ను పిలిచి భుజం మీద చెయ్యి వేస్తాడు. ఈయన ఆ పొద్దు గట్టు తావున నీళ్ళు లేవని ఉన్నదున్నట్టు చెప్పబట్టే నేను వాన వైపు చూసినాను అంటాడు. అందరూ నాకు దండం పెడతారు. నేను పళ్ళికిలిస్తాను. ఒక్కోసారి నాకే అనిపించేది, ఏమో, నా అబద్ధం వల్లనే గదా ఇంత మంచి జరిగింది అని. గట్టు దగ్గర నిజంగా నీళ్ళున్నాయని ఎవరు చూశారు అని కూడా అనుకున్నాను. కానీ నేను నమ్మాను గదా. నీళ్ళున్నాయని నమ్మి, లేవని చెప్పాను. ఆయన కష్టపడి మంచి చేసుకుంటే అందులో నాకు వాటా ఎక్కడిది?

పోయిన నెల ఊరివాళ్ళు కుంటకట్ట మీద ఆయన పేరుతో రాయి వేయిద్దామన్నారు. తన పేరు పక్కన నా పేరూ చెక్కాలని ఆయన పట్టుబట్టాడు. రాయి వచ్చింది. చెక్కే మనిషి వచ్చి నా ఇంటిపేరు అడిగాడు. చెరిపేందుకు వీల్లేని చోట ఆ అబద్ధం పడబోతోంది. లేచి నేరుగా మామిడితోపులోకి పోయి, అన్న ముందు నిలబడి, మొత్తం చెప్పేశాను.

ఆయన కాలువ గట్టు మీద కూర్చుండిపోయాడు. పుల్లతో మట్టి గీస్తున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

"నా సంగతి నేను సూసుకుంటాలే," అన్నాడు ఆఖరికి. "మెడ మీ వదినది. ఆమెకు చెప్పినావా?"

లేదన్నాను.

"పో. పోయి చెప్పు."

వదిన వాకిట్లో మామిడి ఒరుగులు ఎండబోస్తోంది. ఎదురుగా నిలబడి చెప్పాను. టెంకాయ లేచిందని, బొటనవేలితో నేనే పడుకోబెట్టానని, నా నారుమడి కోసమని. ఆమె చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. గొంతు పెంచలేదు.

"ఆ పొద్దు అబద్ధం చెప్తివి, సరే. నీ నారు నీకు ముద్దు. రెండో ఎండాకాలం చెప్పకూడదా? మూడోది? దినామూ నీ గట్టు మీదనే గదప్పా, బిందెలు ఎత్తుకోని పోతా వస్తా ఉంటి."

నాకు ఆ లెక్క ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. నేను ఒక్కరోజు అబద్ధమాడాననే అనుకుంటూ వచ్చాను. నాలుగు ఎండాకాలాల్లో ప్రతిరోజూ ఆమె నా ముందు నుంచి నడిచిపోతుంటే ప్రతిరోజూ ఆడాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఎండకు అడ్డం నిలబడినావు, పక్కకు జరుగు అనింది వదిన. జరిగాను. ఆమె మళ్ళీ ముక్కలు పరుచుకుంటూ కూర్చుంది.

రాయి మీద అన్న పేరు ఒక్కటే ఉంది. నా పేరు ఎందుకు లేదని ఊళ్ళో అడుగుతున్నారు. అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను. కొందరు ఉమ్మేసి పోతున్నారు. అన్న ఇప్పటిదాకా మా ఇంటి వైపు రాలేదు. వదిన క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. చెప్పాల్సిన మనిషికి చెప్పాను. ఎన్నో ఎండాకాలాలు ఆలస్యంగా చెప్పాను.