కత్తెర పురుగుకు వదలని చేను

నా మొక్కజొన్నకు కత్తెర పురుగు పట్టిందని చెబితే, గిద్దలూరులో పురుగుమందుల దుకాణం అతను డబ్బా చేతిలో పెడుతూ, ఇది అమెరికా పురుగు పెద్దాయనా, మామూలు మందుకు చావదన్నాడు. ఏదో దొరబాబు మన ఊరికి దిగివచ్చినట్టు చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

నేను బడికి పోయింది తక్కువ. పొట్లాల కాగితాలు చదివి అక్షరం పట్టుకున్నవాణ్ణి. అందుకే డబ్బా మీది చిన్న అక్షరాలు కూడా బస్టాండులో నిలబడే చదివాను. మందు కొట్టిన పైరును పశువులకు మేపరాదని ఉంది. ఇక కుదురు లేదు నాకు. ఎండాకాలమంతా నా చేలో మంద కట్టి నేలకు ఎరువిచ్చిన గొర్రెల కాపరికి, మొక్కజొన్న కింది ఆకులు ఇస్తానని మాటిచ్చి ఉన్నాను. ఈ ఏడు వాన మొహం చాటేసింది, బీళ్లలో గడ్డి లేదు. అడవికి తోలుదామంటే దోర్నాల దగ్గర చెక్‌పోస్టు వాళ్లు గొర్రెను అడుగు పెట్టనివ్వరు. సముద్రాలు దాటి వచ్చిన ఈ రెక్కల పురుగును మాత్రం ఏ చెక్‌పోస్టూ ఆపలేదు.

బూడిద రంగు తల్లి పురుగు ఆకు మీద గుడ్లు గుంపుగా పెట్టి, తన ఒంటి నూగుతోనే కప్పిపోతుంది. పిల్లలు మొక్క నడినెత్తిన మొవ్వులోకి దూరి, రంపపు పొట్టులాంటి రెట్ట పైన పేర్చుకొని దాక్కుంటాయి. నుదుటి మీద పంగలకర్రను తలకిందులుగా గీసినట్టు తెల్లటి గీత. ఒకే మొవ్వులో రెండు పడితే ఒకదాన్నొకటి తింటాయి. నా చిన్నప్పుడు వేరుశనగ మీద పడిన ఎర్ర గొంగళిని కాలువలు తవ్వి పూడ్చాం. అది నడిచి వచ్చేది, కంటికి కనబడేది. ఇది గాలిలో వస్తుంది.

చేను చేరాక, నేను డబ్బా మూత తీయకముందే కాపరి గట్టు మీదికి వచ్చాడు.

“మందు కొట్టినావంటే నేను జీవాలను అమ్ముకోవాల్సిందే మామా. కొట్టకపోతే నువ్వు మునుగుతావు. నేనేం చెప్పేది?”

ఆకులు కావాలని అడగలేదు. అదే నన్ను తినేసింది. గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. పురుగు చస్తుందేమోనని మొవ్వుల్లో ఇసుక పోసి చూడటం అప్పటికే అయిపోయింది, లాభం లేదు.

“కొడవలి తేపో అల్లుడా. పచ్చిగానే కోసేద్దాం.”

“మరి కంకులు?”

“ఎవురో ఒకరు తినేదే గదా. ఆ కత్తెర పురుగు నోట్లో పెట్టేదానికంటే మన జీవాలే తినిపోనీ.”

“అంటే నీ కోపంతోనే నా జీవాలు బతకాల” అని నవ్వుతూ పోయాడు.

గొర్రెలు చేను మొత్తం కరకర నమిలి పోయాయి. వెంటనే దున్నించాను. ముదిరిన పురుగు మట్టిలోకి దిగి గూడు కట్టుకొని, అక్కడినుంచే రెక్కలతో లేస్తుంది మరి. చాళ్లలో బయటపడ్డ గూళ్లను కొంగలు ఏరుకున్నాయి. కాసేపు కూర్చుందామని గట్టు మీద చేరబడ్డాను. పక్క చేలో మొక్కజొన్న ఇంకా పచ్చగా ఊగుతోంది. గాలి అటునుంచే వీస్తోంది. ఆ మొవ్వుల్లోనూ పురుగు ఉందేమో చూద్దామని లేచి నిలబడ్డాను.