తల వంచి చూసే కెమెరా

గోదావరిఖని గని కార్మికుల కాలనీలో ఆడవాళ్ళ ఫొటోలు సారక్కే తీసేది. ఆమెది తల వంచి పైనుంచి చూసే పాత కెమెరా. 1986లో పెనిమిటి పోశం కరీంనగర్ నుంచి కొత్తది తెచ్చి, "ఇగ గా డబ్బ పక్కకు పెట్టు" అని రోజూ సతాయించాడు.

విసిగిపోయి ఒకరోజు కొత్తదే పట్టుకెళ్ళింది. కంటికి ఆనించగానే పక్కింటి ముసలమ్మ రాజక్క కొంగుతో మొహం కప్పుకుంది. మూడుసార్లు ప్రయత్నించినా అంతే.

"తుపాకి పెట్టినట్టు పెడ్తివేందే?"

సారక్క పళ్ళు కొరుకుతూ పాతది తెచ్చింది. తల వంచి దాని పైనున్న అద్దంలోకి చూస్తుంటే, తననెవరూ చూడట్లేదన్నట్టు రాజక్క కొంగు తీసి మనవరాలి ముచ్చట ఎత్తుకుంది. సారక్క మీట నొక్కింది.

"మల్ల గదేనా?" అన్నాడు పోశం, ఆమె చేతిలో పాతది చూసి.

"గిదే! ఇగ నన్ను పరేషాన్ చెయ్యకు."

పదేళ్ళు దానితోనే ఫొటోలు తీసింది. పోశం సతాయింపు మాత్రం ఆగలేదు.