తేమకు ఓడిన పూత

2021 వానాకాలం. తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ రాడార్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. స్టెల్త్ ఫైటర్ విమానం అనగానే అందరూ ఒకటే అడుగుతారు, నిజంగా కనపడదాండీ అని. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. రాడార్‌కు అది కనపడకపోవడమంటూ లేదు, ఆలస్యంగా కనపడుతుంది, అంతే. రాడార్ తరంగం పక్కకు జారిపోయేలా ఒళ్లంతా ఏటవాలుగా మలుస్తారు. మిసైళ్లు పొట్టలో దాస్తారు. ఇంజన్ వేడి తగ్గిస్తారు. అప్పటికీ వెనక్కి వెళ్లబోయే తరంగాన్ని పైనున్న పూత పీల్చుకోవాలి. ఆ పూతను మేం ఆర్.ఏ.ఎమ్. అంటాం.

నా స్టూడెంట్ రాజేశ్వరి పీహెచ్‌డీ ఆ పూత మీదే. ముదినేపల్లి వైపు వరి రైతు కూతురు. నాలుగేళ్లు మాస్క్ పెట్టుకుని రసాయనాలు కలిపింది, పలకలకు పూసింది, కొలిచింది. రీడింగులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఫెలోషిప్ అయిపోవస్తోంది, ఇక థీసిస్ ఇవ్వడమే తరువాయి.

ఎందుకైనా మంచిదని పలకను హ్యుమిడిటీ ఛాంబర్‌లో, అంటే తేమగాలి పట్టించే పెట్టెలో, ఉంచమన్నాను. తీసి కొలిస్తే పూత సరిగ్గా పీల్చడం లేదు. మళ్లీ కొలిచాం, అదే. కొల్లేరు గాలికి మా ఇంట్లో అప్పడాలే మెత్తబడతాయి, ఇదెంత అనుకున్నాను గానీ, ఆ పిల్ల మొహం చూస్తే ప్రాణం ఉసూరుమంది.

"తేమ పరీక్ష మనం రాసిచ్చిన ప్లాన్‌లో లేదు కదండీ. ఆ ఒక్కటీ వదిలేస్తే తప్పేంటండీ సార్?" అంది.

నిజమే, లేదు. నాకూ సంతకం పెట్టేసి ఇంటికిపోయి పడుకోవాలనే ఉంది.

"పైలట్ తను ఇంకా కనపడలేదనుకుంటాడమ్మా. అవతలివాడు అప్పటికే గురిపెట్టి ఉంటాడు," అన్నాను.

ఏడ్చింది. ఓదార్చడం నాకు చేతకాలేదు. సోమవారం వచ్చి మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టింది.

ఫెలోషిప్ ఆగిపోయింది. పొద్దున్నే ట్యూషన్లు చెప్పుకుని బస్సెక్కి వచ్చేది. పాళ్లు మార్చింది, పైపొర మార్చింది. ప్రతిదీ తేమకు చెడింది. తోటివాళ్లంతా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. చివరికి ఏ పూత ఎంత తేమకు ఎలా చెడిందో, అదే థీసిస్‌గా రాసింది.

వైవాకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ పేజీలు తిప్పి, ఇంతకీ మీరు కనిపెట్టిందేమిటమ్మా అని అడిగారు.

"ఏమీ కనిపెట్టలేదండీ. వీటిని నమ్మి ఎవరినీ పైకి పంపొద్దని తేల్చానండీ."

డిగ్రీ వచ్చింది. ఉద్యోగం ఇంకా వెతుక్కుంటూనే ఉంది. విమానం ఎగిరితే చేసినవాళ్లకు చప్పట్లు కొడతారు, పనికిరాదని తేల్చినవాళ్లను పలకరించే దిక్కుండదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అయినా సర్వీసు మొత్తంలో నేను నిశ్చింతగా పెట్టిన సంతకం ఏదంటే, ఆ థీసిస్ మీద పెట్టిందే.