గొడుగు, జామకాయ, చెంబు

ఎనభైల్లో ఒకసారి, మాచర్ల నుంచి గుంటూరు పోయే పాసింజరులో నా ఎదుట భార్యాభర్తలిద్దరు కూర్చున్నారు. అతను నాపరాళ్ళ క్వారీలో పనివాడు. చిన్నప్పటి నుంచీ ఫిట్స్ వస్తాయట. కిందటిసారి గుంటూరులో డాక్టరు మూడు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే ఒక్కటీ చెప్పలేకపోయాడట. ఈసారి తప్పకూడదని అవే మాటలు ఆమె రైల్లో వల్లె వేయిస్తోంది.

"గొడుగు, జామకాయ... ఇంకోటేంది?"

"నీ మొగం."

ఇద్దరూ నవ్వారు.

"చెంబు!" అందించిందామె. "బుర్ర పనిచెయ్యట్లేదని డాక్టరు రాస్తే మళ్ళీ క్వారీలోకి రానిస్తారా?"

పిడుగురాళ్ళ దాటేసరికి మూడూ తడుముకోకుండా చెప్పాడు. ఆమె మొహం విప్పారింది. అతను మాత్రం నా వైపు వంగాడు.

"బాబుగారూ, మీరు చదువుకున్నోళ్ళు. ఇట్టా నేర్చుకుని చెప్తే నా జబ్బు ఎంత ముదిరిందో డాక్టరుకెట్టా తెలుస్తది?"

ఆమె భయంగా నా మొహంలోకి చూసింది.

మా తమ్ముడికీ ఫిట్సే. మా తాత పేరు చెబితే గురజాల తాలూకాలో లేచి నిలబడేవాళ్ళు. ఆ పేరు చెడకూడదని వాణ్ణి ఏ డాక్టరుకూ చూపించలేదు. ఎవరైనా వస్తే, నిద్రపోతున్నాడని చెప్పేవాళ్ళం. ఆస్తులన్నీ పోయాక కూడా అలాగే చెప్పాం, వాడు పోయేదాకా.

"ఇంటి సంగతి బయటివాళ్ళకు తెలియనివ్వకూడదు," అన్నాను.

మంచి మాట చెప్పానని, గుంటూరులో దిగుతూ అతను నాకు దండం పెట్టాడు.