ముల్లు గుచ్చిన పుటలు

గద్వాలలో బడిపంతులుగా ఉన్న ఏడేళ్లలో నేను ఎక్కువసార్లు చదివిన పుస్తకం ఒక నవల. మొదటిసారి ఇష్టంతో చదివాను. రెండోసారి అనుమానంతో చదివాను. ఆ రెండో చదువు గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి కూడా చెప్పలేదు.

రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకాని నిజాం రోజులవి. మా పఠనమందిరం అంటే నా అద్దె ఇంటి ముందుగదే. రెండు చెక్క బీరువాలు, ఒక చాప, కిటికీ దగ్గర ఒక బల్ల. తెలుగు పుస్తకాలు కర్నూలు వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ల బట్టల మూటల్లో వచ్చేవి. కార్యదర్శిని నేనే, పొద్దున గది ఊడ్చేవాణ్ణీ నేనే. గోడకు నా చేతివ్రాతతో నియమాలు అంటించాను. పుస్తకం మీద సిరా గీత గీయరాదు. పుట మూల మడవరాదు. వేలు తడిచేసి పుట తిప్పరాదు. ఆ కాగితం ముందు నిలబడి అక్షరాల పొందిక చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ నవలకు అట్ట లేదు. మొదటి రెండు ఆకులు కూడా లేవు కాబట్టి పేరూ తెలియదు, రాసినవారెవరో తెలియదు. అందరం అట్ట లేని పుస్తకం అనేవాళ్లం. మూడు తరాల రాతిపనివాళ్లు ఒక కోట కట్టే కథ అది. యుద్ధాలు లేవు, రాజు రెండుసార్లే కనిపిస్తాడు. మిగతా అంతా రాయి ఎలా పగులుతుంది, బండి ఇరుసు ఎందుకు విరిగింది, ముసలామె కొడుకుతో ఎందుకు మాట్లాడడం మానేసింది, ఇవే. ఇంత చిన్న సంగతులతో మనిషిని కూర్చోబెట్టవచ్చునని నాకు తెలిసింది దానివల్లనే.

ఏటా కార్తీకంలో మా సభ్యులం బండ్లు కట్టుకుని కృష్ణ ఒడ్డుకు వనభోజనానికి వెళ్లేవాళ్లం. వనపర్తి నుంచి ఒక ముసలి వకీలు రైల్లో వచ్చి కలిసేవాడు. అక్కడి నియమం ఆయన పెట్టినదే. ప్రతివాడూ ఒక పుట చదవాలి, అయితే అది ఆ ఏడు రెండోసారి చదివిన పుస్తకంలోది కావాలి.

"కొత్త పుస్తకం ఎవడైనా సదువుతడు. పెండ్లాం మీద అలిగినోడు గూడ సదువుతడు. సదివిందే మల్ల సదివెటోడెవడో సూపియ్యుండ్రి," అనేవాడు.

వంకాయ కూర, జొన్న రొట్టెలు, పులిహోర. ఇసుకలో పాతిన కుండలో మజ్జిగ. ఒకాయన ప్రతి ఏడూ ఒకే పద్యం చదివి ప్రతి ఏడూ ఒకే చోట కండువాతో కళ్లొత్తుకుని ఆపేవాడు. మేం ఆ చోటు కోసం ఎదురుచూసేవాళ్లం. నా జీవితంలో అంతకంటే మంచి పగళ్లు లేవు.

నేను చెప్పబోయే సంగతి జరగడానికి ముందటి ఏడు, భోజనాలు అయి చదువులు మొదలైన వేళకు రేగుచెట్ల చాటు నుంచి ఒక పోలీసు జవాను వచ్చాడు.

"ఏం పంతులూ, ఏం జల్సా నడుస్తున్నది?"

"వనభోజనం."

"వనభోజనమైతే తినుండ్రి. గీ సదువుడేంది? గింతమంది ఒక్క కాడ గూసుంటే ఇజాజత్ గావాలె, ఎర్కనేనా?"

ఆ రోజుల్లో నలుగురు కూర్చుని ఏదైనా చదివితే సభ అనేవారు. సభకు ముందుగా సర్కారు అనుమతి ఉండాలి. జవాను అందరి పేర్లూ రాసుకున్నాడు, రెండు రొట్టెలు తిన్నాడు, వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. అయితే ఏమీ జరగకపోవడమే నన్ను తినేసింది. మేం ఎక్కడికి, ఎప్పుడు వెళ్తున్నామో ఎవరు చెప్పారు? సర్కారు బడిలో పనిచేసేవాణ్ణి నేను, పోతే నా ఉద్యోగం పోవాలి. సభ్యులను ఒక్కొక్కరినే తూచడం మొదలుపెట్టాను. వకీలు కాడు. ఏటా పద్యం చదివే ఆయన కాడు. అందరికంటే కొత్తగా చేరినవాడు ఒక చీరల నేతగాడు. నా వేలు అక్కడ ఆగింది.

ముప్పై ఏళ్లుంటాయేమో ఆయనకు. రెండు గుంట మగ్గాలున్న ఇల్లు. మాటలు తక్కువ. చాప మీద కూర్చోమంటే గడప దగ్గరే కూర్చునేవాడు. రంగు అంటిన వేళ్లను పంచెకు రెండుసార్లు తుడుచుకుని గానీ పుస్తకం ముట్టేవాడు కాదు. అట్ట లేని పుస్తకం తీసుకుపోయేవాడు, నెల కాగానే తెచ్చేవాడు, పది రోజులాగి మళ్లీ అదే అడిగేవాడు. నాలుగోసారి అడిగినప్పుడు నేను నవ్వుతూ అడిగాను.

"బీరువాలో ఇంకా నూట ఇరవై ఉన్నాయి. ఇదే ఎందుకు?"

"మంచిగున్నది పంతులూ."

"ఏం మంచిగున్నది?"

"అండ్ల మనుషులు మంచిగ పనిజేస్తరు," అన్నాడు.

ఈ జవాబు నాకు నచ్చలేదు. రెండోసారి చదివినవాడే పాఠకుడని ఏటా చప్పట్లు కొట్టేవాణ్ణి, నాలుగోసారి చదివినవాణ్ణి నమ్మలేకపోయాను. నిజం చెప్పాలంటే, వకీలు నాలుగుసార్లు చదివి ఉంటే అది రసజ్ఞత అనేవాణ్ణి.

ఆ నాలుగోసారి ఆయన తిరిగి ఇచ్చిన పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పుటలు తిప్పుతుంటే ఒకచోట సూదిమొన అంత వెలుతురు కనిపించింది. చిన్న రంధ్రం. నాలుగు పుటల తర్వాత మరొకటి. ఇంకో చోట ఒక్క పుటలోనే మూడు. పుస్తకం నిండా రంధ్రాలే.

గభాలున పుస్తకం మూసి తలుపు గడియ పెట్టాను. భయంతో అనుకున్నాను గానీ, అందులో సంతోషం కూడా ఉందని ఇప్పుడు తెలుసు. అనుమానించినవాడికి ఆధారం దొరికితే కలిగే సంతోషం. ఒక ఆదివారమంతా కూర్చుని రంధ్రం పడిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద వరుసగా రాశాను. క, మ్ము, టి, రా, న, లే, వ... అర్థం కాలేదు. వెనక నుంచి చదివాను. ఒకటి విడిచి ఒకటి చదివాను. అర్థం కాకపోయేకొద్దీ ఇది ఎంత తెలివైన సంకేతమో అనుకున్నాను. ఎంతో ఇష్టపడిన నవల నా చేతుల్లోనే ఉంది, ఆ రోజు అందులో ఒక్క వాక్యం కూడా చదవలేదు.

ఆ ఏడు కార్తీకం వచ్చింది. సోమవారం పోదామని నెల ముందే అందరికీ చెప్పి ఉన్నాం. నేతగాడు తాను కూడా ఒక పుట చదువుతానని మొదటిసారి నోరు విప్పి అడిగాడు. రాతిపనివాళ్లు మధ్యాహ్నం కూర్చుని రొట్టెలు తినే పుట. "మా అమ్మకు గది బాగిష్టం," అని చెప్పి సిగ్గుపడ్డాడు. పుస్తకం ఇంటికిస్తే నాలుగు దినాలు చూసుకుంటానన్నాడు.

"కుట్టు ఊడింది, బైండింగుకు ఇచ్చాను," అన్నాను. పుస్తకం నా వెనక బీరువాలోనే ఉంది.

తర్వాత నేను చేసిన పని ఇది. శనివారం సాయంత్రం ఇంటింటికీ తిరిగి, సోమవారం కాదు, ఆదివారమే వెళ్తున్నామని చెప్పాను. నేతవాళ్ల వీధికి మాత్రం పోలేదు. వకీలుకు ముందే జాబు రాశాను. ఎందుకని ఎవరైనా అడిగితే సోమవారం బండ్లు దొరకవన్నాను.

ఆదివారం మేం కృష్ణ ఒడ్డుకు చేరేసరికి జవాను అక్కడ ముందే ఉన్నాడు. రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఆలస్యమాయె పంతులూ. నేను పొద్దుగాల్నే వస్తి." తలలు లెక్కబెట్టాడు. "ఏందీ, ఇరవై ఆరే ఉండ్రి? ముప్పై అన్నవంట గద?"

ముప్పై అన్న మాట నేను ఒక్క మనిషితోనే అన్నాను.

బండిలోంచి మావాళ్లు జంబుఖానా దించి పరిచారు. జవాను దాని మీద సుఖంగా చతికిలబడి ఒక మూలను చేత్తో నిమిరాడు. "గీ సిరా మరక నేను జేసిందే. అమీన్ సాబ్ కచేరీల ఉన్నప్పటిది."

ఆ జంబుఖానా పోలీసు అమీను దగ్గర రాతకోతలు చూసే మొహర్రిర్‌ది. మా వీధిలోనే ఉండేవాడు. ఊళ్లో పెళ్లయినా పురుడైనా అంత పెద్ద జంబుఖానా ఆయన ఇంట్లోనే దొరికేది, అడిగితే కాదనేవాడు కాదు. ఏటా నేనే వెళ్లి అడిగేవాణ్ణి. ఆయన తాంబూలం నములుతూ, "చిన్నదియ్యాల్నా, పెద్దదియ్యాల్నా? ఎంతమంది గూసుంటరు?" అనేవాడు. నేను ఎంతమందో, ఏ రోజో, ఏ ఒడ్డునో, అక్కడ ఏం చదువుతామో కూడా ఉత్సాహంగా చెప్పి, జంబుఖానా చుట్టించుకుని వచ్చేవాణ్ణి. ఈసారి కూడా ముప్పై మందిమి, ఆదివారం అని చెప్పే తెచ్చుకున్నాను. పొరుగువాడి దగ్గర చాప అడిగినట్లే ఉండేది తప్ప, పోలీసు కచేరీకి వెళ్లి నా సభ గురించి నేనే చెప్పి వస్తున్నానని ఒక్క ఏడూ తోచలేదు.

వకీలుకు అర్థమైంది. జంబుఖానా వైపు చూశాడు, నా వైపు చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "భేష్ పంతులూ! కోతిని పిలిచి గంప చేతికిచ్చినవ్!" అందరూ నవ్వారు. జవాను కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. నేతగాడు ఎందుకు రాలేదని ఎవరో అడిగితే, "పనుందేమో," అన్నాను.

తప్పు అక్కడితో ఆగిపోయి ఉంటే దాన్ని తెలివితక్కువతనం అనుకుని క్షమించుకునేవాణ్ణి. అయితే పొద్దు గుంకకముందే గద్వాల చేరాం. నేతగాడు బండెక్కేవాడు కాదు, మర్నాడు తెల్లవారి నడిచి బయలుదేరతాడని నాకు తెలుసు. ఒక్క మాట చెప్పి వస్తే సరిపోయేది. చెప్పడానికే వెళ్లాను కూడా. వీధి మలుపు దాకా పోయాను. మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. రోజు ఎందుకు మారిందని అడిగితే ఏం చెప్పాలి? రేపు ఎవరో ఒకరు ఆయనకు చెప్పకపోతారా అనుకున్నాను. వెనక్కి తిరిగాను.

సోమవారం, పెట్టిన సెలవు వెనక్కి తీసుకుని, బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ రోజంతా ఎండను చూశాను. ఇప్పుడు సగం దారిలో ఉంటాడు. ఇప్పుడు ఒడ్డు చేరి ఉంటాడు. ఇప్పుడు నిన్నటి విస్తరాకులు చూసి ఉంటాడు.

నాలుగు రోజులు ఆగి, పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తున్నాడు. రెండో మగ్గం మీద ఆయన భార్య ఉంది. తల్లి గోడవారగా కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. నన్ను చూసి ఆయన లేవబోయాడు.

"బైండింగ్ నుంచి వచ్చింది," అన్నాను. ఊడిన కుట్టు ఊడినట్లే ఉంది. ఆయన దాన్ని చూశాడు, పోగు నడిపే నాడె మళ్లీ అందుకున్నాడు.

తల్లి ఊరుకోలేదు. "దినం మారిందని జెప్పెటోడే దొర్కకపాయెనా పంతులూ మీకు? మావోడు సద్దిగట్టుకొని నడ్సిపాయె. పొద్దుగూకేదాంక ఏటి కాడ గూసుండు. ఆ పుట పుస్తకం లేకుంటనే నేర్సుకున్నడు, ఎర్కనా?"

"ఊకోవే అమ్మా," అన్నాడాయన, నాడె చేతిలో పట్టుకునే. "పంతులు మర్సిపోయిండు. గంతమందిల ఒకరిని మర్సిపోరా?"

నా కోసం ఆయన తెరిచి పెట్టిన తలుపు అది. కాదు, మరిచిపోలేదు, నిన్ను అనుమానించాను అని చెప్పడానికి అదే సమయం.

"అవును, మరిచిపోయాను," అన్నాను.

ఆయన తల ఊపాడు. మధ్యాహ్నం కావడంతో మగ్గాలు ఆగాయి. ఆయన భార్య రొట్టెలు తెచ్చింది, నాకూ ఒకటి పెట్టింది. తల్లి పుస్తకం తీసుకుని కళ్లకు అద్దుకుని కొడుకు ముందు పెట్టింది. తినే వేళ ఆయన గట్టిగా చదువుతాడు, వాళ్లు వింటారు. మళ్లీ పనిలోకి దిగేటప్పుడు ఆపినచోట తుమ్మముల్లుతో చిన్నగా గుచ్చాడు.

నేను ఆ ముల్లు వైపు చూడడం గమనించి ఆయన కంగారుపడ్డాడు. "మూల మడ్వద్దని, సిరా బెట్టద్దని మీరే గోడకు రాస్తిరి గద. ముల్లైతే ఏం గాదనుకున్న. తప్పా పంతులూ?"

తప్పు కాదన్నాను. ఇంటికి వచ్చి అక్షరాలు రాసుకున్న కాగితం చింపేశాను. మొదటి చదువులో ముళ్లు దూరదూరంగా పడి ఉంటాయి, కథ ఏమవుతుందోనన్న ఆత్రంతో. నాలుగో చదువుకు ఒక్కో పుటలో మూడు. మళ్లీ చదవడమంటే ఏమిటో ఆ రంధ్రాలు చెబుతూనే ఉన్నాయి. నేనే వాటిని పోలీసువాడిలా చదివాను.

ఆ తర్వాత ఆయన పుస్తకాలకు రాలేదు. అట్ట లేని పుస్తకం ఒక పొద్దున మా గడప మీద శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంది. ఎవరు పెట్టారో చూడలేదు.

మరుసటి కార్తీకానికి నేనే ముందుగా ఆయన ఇంటికి వెళ్లాను. నాగర్‌కర్నూల్‌కు బదిలీ అయిందని, గద్వాలలో నాకిదే ఆఖరి వనభోజనమని చెప్పాను. ఈసారి పుట ఆయనే మొదట చదవాలని అడిగాను.

ఆయన నులకమంచం వాల్చి నన్ను కూర్చోబెట్టాడు. మజ్జిగ ఇచ్చాడు. నా కొత్త ఊళ్లో నీళ్లు మంచివేనా అని అడిగాడు. తర్వాత ఎంతో మర్యాదగా చెప్పాడు.

"వస్తుంటి పంతులూ. గని పెండ్లి చీర ఒకటి మగ్గం మీదున్నది. ఆదివారం లోపల దింపాలె. చెయ్యి ఖాళీ లేదు."

ఆయన భుజం మీదుగా రెండు మగ్గాలూ కనిపిస్తున్నాయి. దేని మీదా ఒక్క పోగు లేదు.

"సరే, పని చూసుకో," అన్నాను.